850 వాట్లా, 650 వాట్లా? ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చండి

ప్రశ్న: నమస్తే అండీ. నా కంప్యూటర్‌లో ఏడేళ్ల నాటి 500 వాట్ల పవర్ సప్లై ఉంది. పాత సిస్టమ్‌లోంచి తీసి కొత్తదానికి పెట్టుకున్నాను. ప్రాసెసర్ కోర్ ఐ5-13400ఎఫ్. ఈమధ్యే ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డ్ వేశాను. అప్పటినుంచి మూడు బాధలు. గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకి హోరుమని ఫ్యాన్ శబ్దం వస్తుంది. గేమ్ మెనూలో ఉన్నప్పుడు మాత్రం సన్నగా 'కీ' మని ఇంకో శబ్దం. వారంలో రెండు మూడుసార్లు, ఆటలో ఏదైనా పెద్ద పేలుడు రాగానే సిస్టమ్ ఠక్కున ఆగి మళ్లీ దానంతట అదే ఆన్ అవుతుంది. కొత్తది కొందామని చూస్తే ఒకే ధరలో రెండు కనిపించాయి. ఒకటి 850 వాట్ల బ్రాంజ్, మూడేళ్ల వారంటీ. రెండోది 650 వాట్ల గోల్డ్, పదేళ్ల వారంటీ. ఎక్కువ వాట్లున్నది వదిలి తక్కువది ఎవరైనా కొంటారా అని స్నేహితులు నవ్వుతున్నారు. నేను రాత్రిళ్లు వాయిస్ రికార్డింగ్ చేస్తుంటాను కాబట్టి చప్పుడు లేకపోవడం నాకు ముఖ్యం. పరికరాలేవీ లేని నాలాంటివాడు వీటి పనితనాన్ని ఎలా అంచనా వేయాలి?
(పేరు వేయవద్దన్న పాఠకుడు)

సమాధానం: ముందే చెప్పేస్తున్నాను, ఆ రెంటిలో 650 వాట్ల గోల్డ్ తీసుకోండి. (బ్రాంజ్, గోల్డ్ అనేవి పవర్ సప్లై కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే ముద్రలు, గోల్డ్ మేలు.) ఒక షరతు ఉంది, అది తర్వాత చెబుతాను. అయితే అది కొన్నాక కూడా మీ మూడు బాధల్లో ఒకటి దాదాపు పోదు. ఇంకొకటి పోవచ్చు, పోకపోవచ్చు. అందుకే డబ్బు తీసేముందు ఒక సాయంత్రం పాటు మీ సిస్టమ్ ముందు కూర్చుని కొన్ని సంగతులు తేల్చుకోండి. ఖర్చేమీ లేదు.

ఆగిపోవడంతో మొదలుపెడదాం. నీలం తెర రాకుండా, బొమ్మ గడ్డకట్టకుండా, ఎవరో ప్లగ్గు పీకినట్టు ఆగిపోయిందంటే మొదటి అనుమానం ఎస్సెంపీఎస్ (అంటే పవర్ సప్లైయే) మీదికే పోతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'కెర్నల్-పవర్ 41' అని కనిపిస్తుంది. అది చూసి చాలామంది దొంగ దొరికేశాడనుకుంటారు. నిజానికి ఆ 41 చెప్పేది ఒక్కటే, సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. ఎవరు ఆపారో విండోస్‌కీ తెలియదు.

లెక్క చూద్దాం. మీ ప్రాసెసర్ ఎంత పరుగెత్తినా ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 148 వాట్లు. కార్డ్ 200 వాట్లు. మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 50, 60 వేసుకోండి. అంతా ఒకేసారి విజృంభించినా 410 దాటదు. ఆటలో ప్రాసెసర్ ఆ గరిష్ఠం దాకా వెళ్లడం అరుదు కాబట్టి మామూలుగా 300 చుట్టూ తిరుగుతుంటుంది. మరి 500 వాట్లది ఎందుకు చతికిలబడుతోంది?

ఎందుకంటే 300 అనేది సగటు. గ్రాఫిక్స్ కార్డ్ కరెంటును కుళాయి నీళ్లలా ఒకే ధారగా తాగదు, గుటకలు గుటకలుగా లాగుతుంది. మీరు రాసిన పేలుడు సీన్‌లో పని ఒక్కసారిగా పెరుగుతుంది, కార్డ్ కొన్ని మైక్రోసెకన్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల పాటు తన 200 వాట్లను బాగా దాటి లాగుతుంది. మీరు ఏ సాఫ్ట్‌వేర్‌లో చూసినా ఆ గుటక కనపడదు, అది అంత వేగంగా కొలవలేదు. పవర్ సప్లైలో ఉండే రక్షణ సర్క్యూట్‌కి మాత్రం కనపడుతుంది. అది 'ఎక్కడో షార్ట్ అయింది' అనుకుని ఆపేస్తుంది. లేదా ఆ క్షణంలో ప్రాసెసర్‌కీ కార్డ్‌కీ కరెంటిచ్చే 12 ఓల్టుల లైను కిందికి జారి మదర్‌బోర్డ్ రీసెట్ అవుతుంది. ఈ గొడవ ముదిరాకే ఇంటెల్ 2022లో పవర్ సప్లైలకి ఏటీఎక్స్ 3.0 అనే ప్రమాణం తెచ్చింది. కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న పెద్ద పవర్ సప్లైలు తమ రేటింగుకి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని అందులో రాసింది. మీ ఏడేళ్ల పాతదానికి ఆ పరీక్ష ఎవరూ పెట్టలేదు. పైగా దాని కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు దాచి హెచ్చుతగ్గుల్ని సర్దే భాగాలు, ఏడేళ్లుగా వేడిలో ఉడుకుతున్నాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి వేడి ఎంత శత్రువంటే, పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్ల లెక్క. పెరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష ఇది. కార్డ్ పవర్ లిమిట్‌ని ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో 70 శాతానికి తగ్గించండి. అంటే 140 వాట్లు. రెండు వారాలు మామూలుగానే ఆడండి. ఒక్కసారి కూడా ఆగకపోతే అనుమానం పవర్ సప్లై మీదే గట్టిపడుతుంది. అప్పటికీ ఆగుతుంటే ర్యామ్, ప్రాసెసర్ సెట్టింగులు, గోడ దగ్గరి వదులు ప్లగ్గు కూడా చూడాలి. ఈలోగా ఒకటి సరిచూసుకోండి: కార్డ్‌కి వెళ్లే రెండు 8 పిన్ కనెక్టర్లు ఒకే కేబుల్‌కి కవలల్లా వేలాడుతున్నాయా? అలా ఉంటే, మీ పాతదానికి రెండో కేబుల్ ఉంటే, విడిగా రెండు కేబుళ్లు వేయండి. ఒక్కో 8 పిన్ కనెక్టర్ ప్రమాణం ప్రకారం 150 వాట్లకే.

ఆ పని మీద క్యాబినెట్ తెరిచినప్పుడు పాత ఎస్సెంపీఎస్ పక్కన అతికించిన స్టిక్కర్ కూడా చదవండి. పెద్ద అక్షరాల్లో 500 అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. కింద చిన్న గళ్లలో 12 ఓల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 41 ఆంపియర్లుంటే 492 వాట్లు, సరే. 28 ఉంటే? 336. మిగతా వాట్లన్నీ 5 ఓల్టులకీ 3.3 ఓల్టులకీ పంచి లెక్క పూర్తిచేశారన్నమాట. ఇవాళ్టి ప్రాసెసరూ కార్డూ తినేది దాదాపు అంతా 12 ఓల్టుల లైను నుంచే. ఆ 5 ఓల్టుల వాట్లు కాగితం మీద ఉంటాయి, అవసరానికి రావు. పైన పటారం, లోన లొటారం అనే మాట ఇలాంటి స్టిక్కర్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. రెండు లైన్లుగా విడగొట్టి 12వీ1, 12వీ2 అని రాసి ఉంటే ఆ రెంటి ఆంపియర్లూ కూడకండి, పక్కనే రెంటికీ కలిపి గరిష్ఠ వాట్లు వేరే రాసి ఉంటాయి, అది చూడండి. మీరు కొనబోయే 650 మీద 54 ఆంపియర్లకు దగ్గరగా ఉండాలి. ఆ 850 బ్రాంజ్ మీద 70 ఉందో లేదో కూడా చూడండి.

ఇక చప్పుడు. మీరు రెండు శబ్దాలు రాశారు, అవి రెండు వేర్వేరు జీవుల అరుపులు.

మెనూలో వచ్చే ఆ 'కీ' ఫ్యాన్‌ది కాదు. దాన్ని కాయిల్ వైన్ అంటారు. గ్రాఫిక్స్ కార్డ్ మీదా, పవర్ సప్లై లోపలా రాగితీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. వాటిలో కరెంటు వేగంగా హెచ్చుతగ్గులైతే కాయిలూ దాని లోపలి కోరూ సూక్ష్మంగా అదురుతాయి. ఆ అదురు మన చెవికి వినపడే స్థాయికి వస్తే కీచుమంటుంది. మెనూలోనే ఎందుకంటే, అక్కడ గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి కార్డ్ సెకనుకి వందలకొద్దీ, ఒక్కోసారి వేలకొద్దీ ఫ్రేములు ఊరికే గీసి పారేస్తుంటుంది. గేమ్ సెట్టింగుల్లో వీ-సింక్ పెట్టండి, లేదా ఫ్రేముల్ని మీ మానిటర్ రేటుకి కట్టేయండి. చాలామటుకు అక్కడితో తగ్గిపోతుంది. ఇది ఎక్కువసార్లు కార్డ్ నుంచే వస్తుంది కాబట్టి, ఎంత ఖరీదైన పవర్ సప్లై పెట్టినా పోకపోవచ్చు. పైన ఒక బాధ పోదన్నది దీని గురించే.

పది నిమిషాలకి మొదలయ్యే హోరు ఎవరిదో తెలుసుకోవడం తేలిక. అట్ట పేపర్ ఒకటి గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను కార్డ్ ఫ్యాన్ల దగ్గర, ప్రాసెసర్ దగ్గర, వెనకాల పవర్ సప్లై జాలీ దగ్గర ఒక్కోచోట పట్టి వినండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. అప్పటికీ తేలకపోతే గేమ్ నడుస్తుండగా కార్డ్ ఫ్యాన్‌ని సాఫ్ట్‌వేర్ నుంచి ఓ నిమిషం పాటు 30 శాతం దగ్గర కట్టేయండి. హోరు పడిపోతే దొంగ కార్డే. పడిపోకపోతే క్యాబినెట్ ఫ్యాన్లనూ అలాగే తగ్గించి చూడండి. అన్నీ తగ్గించినా హోరు అలాగే ఉండి, వెనకాల చెయ్యి పెడితే పవర్ సప్లై నుంచి వేడి గాలి కొడుతుంటే అప్పుడు అది దానిదే. కొత్త పవర్ సప్లై కొన్నాక 'చప్పుడు తగ్గలేదండీ' అని రాసేవాళ్లలో చాలామంది ఈ చిన్న పరీక్ష చేయకుండా కొన్నవాళ్లే.

పవర్ సప్లై ఎందుకు హోరెత్తుతుంది? అది గోడ నుంచి తీసుకున్నదంతా లోపలికి ఇవ్వలేదు, కొంత వేడిగా పోతుంది. మీ 300 వాట్ల లోడ్ దగ్గర సామర్థ్యం 90 శాతం అనుకుందాం, గోడ నుంచి 333 లాగుతుంది, 33 వాట్లు వేడి. సామర్థ్యం 85 అయితే 353 లాగుతుంది, 53 వాట్లు వేడి. రెంటికీ తేడా 20 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి అన్నమాట, ఆ ఇరుకు డబ్బాలో అదనంగా. దాన్ని బయటికి తోలడానికి ఫ్యాన్ వేగం పెరగాలి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. మన చెవికి పది డెసిబెల్స్ పెరిగితేనే రెట్టింపు గోల అనిపిస్తుంది. కాబట్టి ఫ్యాన్ వేగంలో కాస్త తేడా అయినా చెవిలో పెద్ద తేడా. మీ 650 గోల్డ్ ఆ 850 బ్రాంజ్ కంటే చల్లగా ఉండే అవకాశం ఇక్కడుంది. అవకాశం అంటున్నాను, ఎందుకంటే చివరి మాట ఫ్యాన్‌ని నడిపే సర్క్యూట్‌ది. గోల్డ్ అయివుండీ చిన్న ఫ్యాన్‌ని మొదటినుంచే గిరగిరా తిప్పేవి ఉన్నాయి. 135, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ 120 కంటే నెమ్మదిగా తిరిగి అంతే గాలి తోలుతుంది. బేరింగ్ కూడా చూడండి. మామూలు స్లీవ్ బేరింగ్ కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, వేడికి నూనె ఎండాక గరగరలాడుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఎక్కువకాలం మెత్తగా తిరుగుతుంది. బాల్ బేరింగ్ గట్టిపిండం, కానీ తక్కువ వేగంలో దగ్గరగా వింటే సన్నని కరకర ఉంటుంది.

మీ ఉత్తరంలో నాకు ఆసక్తిగా అనిపించింది ఆ వాయిస్ రికార్డింగ్ మాట. రికార్డ్ చేసేటప్పుడు మీరు గేమ్ ఆడరు కదా! అప్పుడు మీ సిస్టమ్ మొత్తం లాగేది 60 నుంచి 100 వాట్లలోపే ఉంటుంది. కాబట్టి రివ్యూల్లో 'ఫుల్ లోడ్‌లో ఇన్ని డెసిబెల్స్' అనే అంకె మీకు దాదాపు పనికిరాదు. శబ్దం గ్రాఫ్‌లో ఎడమ చివర చూడండి. 100 వాట్ల దగ్గర ఫ్యాన్ ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోంది, అసలు తిరుగుతోందా? చాలా గోల్డ్ మోడళ్లలో తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటికి వెనకాల దానికో స్విచ్ కూడా ఉంటుంది. మీకు అది వరమే. ఒక్క చిక్కు, కొన్ని చౌక డిజైన్లలో ఫ్యాన్ ఒక నిమిషం తిరిగి ఒక నిమిషం ఆగి మళ్లీ టక్కున మొదలవుతుంది. ఎడతెగని సన్నని గాలి శబ్దాన్ని మైక్ నుంచి తీసేయడం తేలిక, మధ్యమధ్య వచ్చే ఆ టక్కు రికార్డింగ్‌ని పాడుచేస్తుంది. నిజం చెప్పాలంటే, ఎప్పుడూ 500 ఆర్‌పీఎం దగ్గర నిదానంగా తిరిగే ఫ్యాన్ అంటేనే నాకు ఇష్టం, లోపల కెపాసిటర్లకి కూడా అదే సుఖం.

డెసిబెల్ అంకెలు పోల్చేటప్పుడు ఎంత దూరం నుంచి కొలిచారో చూడండి. ఒక మీటరు బదులు అర మీటరు నుంచి కొలిస్తే అదే ఫ్యాన్ సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువ చూపిస్తుంది. రెండు వేర్వేరు చోట్ల చదివిన అంకెల్ని పక్కపక్కన పెట్టి ఇది మేలు, అది కీడు అనడం కుదరదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పనితనం అంచనా. పరికరాలు లేకుండా మీరు కొలవగలిగింది చాలా తక్కువ. 24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ పేపర్ క్లిప్‌తో కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది. దాన్నిబట్టి తెలిసేది అది ఆన్ అవుతుందని మాత్రమే, లోడ్ మోస్తుందని కాదు. మల్టీమీటర్ పెడితే 12 ఓల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, అంటే అటూ ఇటూ 5 శాతంలో ఉందో లేదో చెబుతుంది. మంచివి ఒక శాతం లోపే కదలకుండా నిలుస్తాయి. మదర్‌బోర్డ్ సెన్సార్ నుంచి సాఫ్ట్‌వేర్ చూపించే ఓల్టులను మాత్రం నమ్మకండి. 12 ఓల్టుల లైను 10.8 అని చూపించిన బోర్డ్ మీద మల్టీమీటర్ పెడితే 12.05 రావడం నేను చూశాను.

మల్టీమీటర్‌కీ అందనిది రిపుల్. డీసీ అంటాం కానీ ఆ ఓల్టేజీ మీద సన్నని అలలుంటాయి. ప్రమాణం ప్రకారం 12 ఓల్టుల లైను మీద అల ఎత్తు 120 మిల్లీఓల్టులు, 5 మీదా 3.3 మీదా 50 దాటకూడదు. ఇది చూడాలంటే అలల్ని తెరమీద చూపించే ఆసిలోస్కోప్, కావలసినంత కరెంటు లాగి పరీక్షించే ఎలక్ట్రానిక్ లోడ్ కావాలి. నిండుకుండ తొణకదంటారు గానీ ఎస్సెంపీఎస్ దగ్గర అది తిరగబడుతుంది, నిండేకొద్దీ తొణుకుతుంది. సగం లోడ్‌లో 15 మిల్లీఓల్టులున్నది ఫుల్ లోడ్‌లో, అదీ వేడెక్కాక, ఎంతకి చేరుతుందన్నదే దాని అసలు రంగు. ఆ అలలన్నీ మింగాల్సింది మదర్‌బోర్డ్ మీదా కార్డ్ మీదా ఉన్న కెపాసిటర్లే. 12 మీద 30, 40 లోపు ఉంటే నేను సంతోషిస్తాను.

అందుకని సామాన్యుడు చేయగలిగింది, పరికరాలున్నవాళ్లు కొలిచిన రిపోర్టు వెతికి చదవడం. డబ్బా తెరిచి కేబుళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో చూపించి 'అద్భుతం' అనేవి రివ్యూలు కావు. నేను రిపోర్టు తెరవగానే మొదట చూసేది గది ఉష్ణోగ్రత ఎంతలో కొలిచారన్నది. క్యాబినెట్ లోపల 40 డిగ్రీలు మామూలు. చల్లటి గదిలో బల్లమీద పెట్టి కొలిస్తే ఏదైనా బంగారమే. ఆ తర్వాత వేడిలో ఫుల్ లోడ్ రిపుల్, ఆ తర్వాత ఉన్నట్టుండి లోడ్ పెరిగినప్పుడు 12 ఓల్టులు ఎంత జారింది. 12 మీద లోడ్ వేసి 5ని ఖాళీగా వదిలిన పరీక్ష కూడా చూడండి. 5నీ 12నీ కలిపి నియంత్రించే పాతకాలపు చౌక డిజైన్ల బండారం అక్కడ బయటపడుతుంది, ఒకటి దిగితే ఇంకొకటి ఎగురుతుంది. తర్వాత రక్షణలు, అంటే ఎక్కువ లాగితే, షార్ట్ అయితే, వేడెక్కితే నిజంగా ఆగిందా లేదా. డబ్బా మీద ఓవీపీ, ఓసీపీ, ఓటీపీ అని అరడజను పొడి అక్షరాలు అందరూ అచ్చేస్తారు, ఆపి చూపించేది రిపోర్టే. కరెంటు రెప్పపాటు పోయినప్పుడు ఎంతసేపు నిలబడుతుందో కూడా కొలుస్తారు. ఏటీఎక్స్ 3.0 లెక్కలో 80 శాతం లోడ్ దగ్గర 17 మిల్లీసెకన్లు. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారే ఆ సందులో మిమ్మల్ని కాపాడేది ఇదే.

బ్రాంజ్, గోల్డ్ అనే 80 ప్లస్ ముద్ర ఇవేవీ చెప్పదు. 2004లో మొదలైన ఆ ముద్ర ప్రధానంగా చూసేది సామర్థ్యాన్నే. 115 ఓల్టుల పరీక్షలో 20, 50, 100 శాతం లోడ్ దగ్గర బ్రాంజ్ 82, 85, 82 శాతం దాటాలి. గోల్డ్ 87, 90, 87. కొలిచేది 23 డిగ్రీల చుట్టూ. రిపుల్ లేదు, శబ్దం లేదు, రక్షణలు లేవు. అయినా గోల్డ్ అందుకోవాలంటే లోపల కాస్త మెరుగైన డిజైన్ వాడక తప్పదు కాబట్టి పరోక్షంగా అది మంచి గుర్తే. శబ్దానికి విడిగా ముద్ర కావాలంటే సైబెనెటిక్స్ అనే సంస్థ లాంబ్డా రేటింగ్ ఇస్తుంది. అందులో 'ఏ' అంటే సగటున 20-25 డెసిబెల్స్, 'ఏ ప్లస్' 15-20, 'ఏ ప్లస్ ప్లస్' 15 లోపు. వాళ్ల రిపోర్టుల్లో నేను పైన చెప్పిన కొలతలు చాలావరకు దొరుకుతాయి. మీరు చూసిన 650 గోల్డ్ మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కొట్టి వెతకండి. ఒకే పేరు చివర ఒక అక్షరం మారితే లోపల తయారుచేసిన ఫ్యాక్టరీయే మారిపోవచ్చు. పవర్ సప్లైలు అమ్మే బ్రాండ్లలో చాలావాటికి సొంత తయారీ ఉండదు, వేరేవాళ్ల చేత చేయించుకుంటారు. అందుకే 'ఆ కంపెనీది మంచిదా' అనే ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండదు, 'ఆ మోడల్ మంచిదా' అంటే చెప్పగలను. నా షరతు ఇదే: ఆ గోల్డ్‌కి వేడిలో కొలిచిన రిపోర్టు ఒక్కటైనా దొరకాలి, ఏటీఎక్స్ 3.0 లేదా దాని తర్వాతి 3.1 అయివుండాలి. దొరక్కపోతే అదే వాట్లలో దొరికేదాన్ని చూడండి.

ధరకు తగ్గ విలువ దగ్గర అందరూ కరెంటు బిల్లు లెక్క తీస్తారు. తీద్దాం. పైన అనుకున్న 20 వాట్ల తేడా, రోజుకి మూడు గంటల ఆట. రోజుకి 60 వాట్-అవర్లు, ఏడాదికి 22 యూనిట్లు. మీ యూనిట్ ధరతో గుణించి చూసుకోండి, ఆస్తులేమీ మిగలవు. గోల్డ్‌కి నేను మార్కులు వేసేది బిల్లు కోసం కాదు, ఆ 20 వాట్ల వేడి లోపల పుట్టకపోవడం కోసం. తక్కువ లోడ్‌లో మరో సంగతి ఉంది. రికార్డింగ్ వేళ మీ 65 వాట్లు 650కి పదో వంతు, 850కి అంతకన్నా తక్కువ. అంత అడుగున సామర్థ్యం పడిపోతుంది, ఎంత పెద్దది కొంటే అంత అడుగున పడతారు. బ్రాంజ్, గోల్డ్ పరీక్షలు 20 శాతం కిందికి చూడనే చూడవు.

ఇక వారంటీ. పదేళ్లు రాసిచ్చినవాడు లోపల 105 డిగ్రీల వేడికి తట్టుకునే కెపాసిటర్లు వేయకుండా నిద్రపోలేడు. మూడేళ్లు రాసినవాడికి నాలుగో ఏడు మీ సమస్య. ధర ఒకటే అంటున్నారు కాబట్టి వారంటీ ఏళ్లతో భాగించండి, మీ స్నేహితుల నవ్వుకి సమాధానం దొరుకుతుంది. 4070కి ఎన్విడియా సూచించేది కూడా 650 వాట్లే. 850 కావాల్సి వచ్చేది రేపు 300 వాట్లు దాటిన కార్డ్ వేస్తానని ఇప్పుడే అనుకుంటే. అప్పుడు కూడా 850లో గోల్డ్ చూస్తాను గానీ ఈ బ్రాంజ్ కాదు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది నా తల బొప్పి కట్టాక నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట పాత మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే) పవర్ సప్లై తీసి కొత్తది పెట్టాను. క్యాబినెట్ వెనక కేబుళ్లన్నీ చక్కగా కట్టి ఉన్నాయి, మళ్లీ ఎవరు విప్పుతారని బద్ధకించి పాత కేబుళ్లనే కొత్తదానికి గుచ్చాను. భేషుగ్గా దూరాయి, 'టిక్' మని లాక్ కూడా పడింది. స్విచ్ వేయగానే ఏ గోలా లేదు, కాలిన వైరు వాసన మాత్రం వచ్చింది. రెండు హార్డ్ డిస్కులు పోయాయి, అందులో ఒకదానికి బ్యాకప్ లేదు. కారణం తర్వాత తెలిసింది. మదర్‌బోర్డ్, డిస్కుల వైపు పిన్నులకి ప్రమాణం ఉంది. పవర్ సప్లై వైపు లేదు, ఒక్కొక్కరు ఒక్కో వరస పెట్టుకుంటారు. ఒకే కంపెనీ రెండు మోడళ్లకి కూడా తేడా ఉండొచ్చు. 5 ఓల్టులు రావాల్సిన చోట నా డిస్కులకి 12 వెళ్లింది. కొత్త డబ్బాలో వచ్చిన కేబుళ్లే వాడండి, పాతవన్నీ పాతదాంతోపాటే కట్టి పక్కన పెట్టేయండి. కార్డ్‌కి 16 పిన్నుల కనెక్టర్ ఉంటే సందు కనపడకుండా లోపలిదాకా నొక్కండి, కనెక్టర్ పక్కనే తీగను మడత పెట్టకండి. క్యాబినెట్ అడుగున జాలీ ఉంటే ఫ్యాన్ కిందివైపుకి పెట్టండి, అక్కడి ఫిల్టర్ నెలకోసారి దులపండి. కార్పెట్ మీద పెట్టారా, గాలి అందదు.

పాతదాన్ని దుమ్ము దులుపుదామనో, లోపల కెపాసిటర్ ఉబ్బిందేమో చూద్దామనో మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 380 ఓల్టుల దాకా చార్జి కాసేపు నిలిచి ఉండొచ్చు. జాలీలోంచి టార్చి వేసి చూడండి, ఉబ్బింది అక్కడినుంచే కనపడొచ్చు.

70 శాతం పరీక్షా, కాగితం గొట్టం పరీక్షా అయ్యాక హోరు ఎటువైపు నుంచి వచ్చిందో ఓ ముక్క రాయండి. కార్డ్‌దే అని తేలితే ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగం తిరగాలన్న లెక్క, ఎలా దిద్దాలో వచ్చే ఉత్తరంలో చెబుతాను.